వాడని సింకు డ్రెయిన్‌ను మూయడం: ఏ మార్గం ఎవరికి తగినది

యుటిలిటీ గదిలోని సింకును వాడటం మానేసిన తరువాత దాని కింద ఉన్న పైపును పట్టించుకునేవారు తక్కువ. కొన్ని వారాలు గడిచాక గది తలుపు తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన ముక్కుకు తగిలినప్పుడో, సింకు రంధ్రంలోంచి బొద్దింకలూ సన్నటి డ్రెయిన్ ఈగలూ పైకి వస్తున్నప్పుడో ఆ పైపును ఎలాగైనా మూసేయాలని తోస్తుంది. అప్పుడు కొందరు చేతికి దొరికిన గుడ్డను కుక్కుతారు, కొందరు సిమెంటు పూసేస్తారు, కొందరు దుకాణంలో కనబడిన మొదటి మూతను కొని బిగిస్తారు. వీటిలో కొన్ని అసలు పనిచేయవు, మరికొన్ని ఇప్పటికి పనిచేసినా తరువాత గోడ పగలగొట్టే అవసరాన్ని తెచ్చిపెడతాయి.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. గోడలోంచి బయటికి వచ్చే పైపు మూతి దగ్గర, మళ్లీ విప్పగలిగే మూతతో మూయడం ఎక్కువమందికి సరైన పని. శాశ్వతంగా అతికించే మూత కొందరికి మాత్రమే తగినది. సింకు రంధ్రంలో పెట్టే బిరడా ఒక్కటే దాదాపు ఎవరికీ చాలదు. ఎందుకో తెలియాలంటే వాసన ఏ దారిన వస్తోందో మొదట చూడాలి.

వాసనకు కారణం ఎక్కడుంది

సింకు కింద పైపు వంపు తిరిగే చోట ఉండే ట్రాప్‌లో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. సాధారణంగా 50 నుంచి 75 మి.మీ. లోతుండే ఆ నీటి పొరే మురుగు పైపులోని గాలిని ఇంట్లోకి రాకుండా ఆపుతుంది. సింకును వాడినంతకాలం ఆ నీరు మారుతూ నిండుగా ఉంటుంది. వాడటం మానేస్తే కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆవిరైపోతుంది, వేడిగా, గాలి బాగా ఆడే గదుల్లోనైతే ఇంకా త్వరగా ఇంకిపోతుంది. ఆ తరువాత మురుగు పైపుకూ గదికీ మధ్య అడ్డేమీ ఉండదు. పైకి వచ్చే గాలిలో కుళ్లిన గుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పాటు మండే గుణమున్న మీథేన్ కూడా ఉంటుంది. మీథేన్‌కు వాసన ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత బాగా పెరిగితే ముక్కు దానిని పసిగట్టే శక్తినే కోల్పోతుంది. ఎండిన ట్రాప్ వల్ల ఇంట్లో సాధారణంగా అంత గాఢత ఏర్పడదు గాని, వాసన తగ్గింది గనుక సమస్య తీరిపోయిందని అనుకోవడం మాత్రం సరైన పద్ధతి కాదు.

మూత కొనడానికి ముందు చేయాల్సిన చిన్న పరీక్ష ఒకటుంది. సింకులో ఒకటి రెండు లీటర్ల నీరు నెమ్మదిగా పోసి, గది కిటికీ, తలుపు ఒక రోజు మూసి ఉంచండి. వాసన పోతే ట్రాప్ ఎండిపోవడమే కారణం. పోకపోతే పైపులో పగులో, వదులైన జాయింటో ఉండవచ్చు, లేదా అదే గదిలో నేల మీద జాలీ కింద ఉన్న ట్రాప్ కూడా ఎండిపోయి ఉండవచ్చు. సింకును దోషిగా నిర్ధారించి దానిని మూసేసిన తరువాత కూడా వాసన కొనసాగడానికి ఎక్కువసార్లు ఆ నేల ట్రాపే కారణమవుతుంది.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, ఆ పైపు నిజంగానే ఎవరికీ పనికిరావడం లేదా అన్నది. యుటిలిటీ గదుల్లో సింకు వాడకంలో లేకపోయినా దాని డ్రెయిన్‌ను మరెన్నో పరికరాలు వాడుకుంటూ ఉంటాయి. వాషింగ్ మెషిన్ గొట్టం ట్రాప్ పక్కనున్న చిన్న మూతికి తగిలించి ఉండవచ్చు. ఏసీ నీటి గొట్టం, నీటి శుద్ధి యంత్రం వదిలే నీటి సన్నగొట్టం, గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి వచ్చే పైపు అందులోకే దిగి ఉండవచ్చు. వీటిలో కొన్ని గోడ వెనుకే కలుస్తాయి గనుక కంటికి కనబడవు. ట్రాప్‌ను విప్పి, గోడలోని పైపులోకి టార్చి వేసి చూస్తూ, ఇంట్లోని ఇతర కుళాయిలనూ యంత్రాలనూ ఒక్కొక్కటిగా నడపమని మరొకరికి చెప్పండి. మీరు చూస్తున్న పైపు మూతి దగ్గరికి నీరు వస్తున్నట్లు కనబడితే, దానిని మూయడానికి ముందు ఆ నీటికి మరో దారి ఏర్పాటు చేయాలి. ఈ పరీక్షకు కొన్ని నిమిషాలు పడుతుంది. దానిని వదిలేస్తే వచ్చే నష్టం గోడలోకి ఇంకే నీటి రూపంలో కనబడుతుంది.

రెండో ప్రశ్న, ఆ డ్రెయిన్‌ను మళ్లీ తెరవాల్సి వస్తుందా అన్నది. చాలామంది రాదనే అనుకుంటారు. కాని యుటిలిటీ గది అవసరాలు మారుతూ ఉంటాయి. కొత్త వాషింగ్ మెషిన్ వచ్చినా, ఇల్లు చేతులు మారినా, పక్క గదిలో పైపు మూసుకుపోయి దానిని శుభ్రం చేయడానికి ఒక మూతి కావలసివచ్చినా ఆ పైపుతో పనిపడుతుంది. కచ్చితంగా అవసరం రాదని చెప్పలేని ప్రతి సందర్భంలోనూ విప్పగలిగే మూతవైపే మొగ్గాలి.

మూడోది పైపు దేనితో చేసినదన్నది, దాని కొలత ఎంతన్నది. సింకు డ్రెయిన్లు సాధారణంగా 32, 40 లేదా 50 మి.మీ. పైపులతో ఉంటాయి. పైపు లోపలికి దూరే ప్లగ్‌కు లోపలి వ్యాసం కావాలి, పైపు మీద తొడిగే టోపీకి వెలుపలి వ్యాసం కావాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే చాలా మూతలు దుకాణానికి తిరిగి వెళతాయి. ఇక పదార్థం విషయంలో తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. గోడలోని పైపు పీవీసీది అయినా, సింకు కింద వేలాడే ట్రాప్, మడతల గొట్టం తరచుగా పాలీప్రొపిలీన్‌తో చేసినవై ఉంటాయి. చూడటానికి రెండూ తెల్లటి ప్లాస్టిక్కే, కాని పీవీసీ పైపులను అతికించే జిగురైన సాల్వెంట్ సిమెంట్ పాలీప్రొపిలీన్‌కు అంటుకోదు. ఆరిన తరువాత గట్టిగా ఉన్నట్లే కనిపించి, చేత్తో లాగితే ఊడి వస్తుంది. ఇనుప, ఇత్తడి పైపులకు కూడా అది పనికిరాదు.

నాలుగోది వెనక్కి తన్నే నీటి ఒత్తిడి. ఇంటి ప్రధాన మురుగు పైపు ఎక్కడైనా మూసుకుపోతే నీరు వెనక్కి ఎక్కి, అన్నిటికంటే కిందున్న మూతినుంచి బయటికి రావడానికి ప్రయత్నిస్తుంది. మూత మీద ఒక మీటరు ఎత్తున నీరు నిలిస్తే 50 మి.మీ. పైపు మూతి మీద పడే బలం సుమారు 2 కిలోల బరువుకు సమానం. అదే పై అంతస్తునుంచి మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే 6 కిలోలకు దగ్గరవుతుంది. ఊరికే నొక్కిపెట్టిన బిరడా అంత బలానికి ఎగిరిపోతుంది, సరిగా బిగించిన మూత నిలుస్తుంది. మీ సింకు పై అంతస్తులో ఉంటే ఈ విషయానికి అంత ప్రాధాన్యం లేదు. కింది అంతస్తులో ఉంటే మాత్రం నిర్ణయమంతా దీని మీదే ఆధారపడాలి.

చివరిది, మూత ఎక్కడ పెట్టాలన్నది. సింకు రంధ్రం దగ్గర, ట్రాప్ దగ్గర, గోడ దగ్గర, ప్రధాన పైపులో కలిసే చోట అని నాలుగు స్థానాలు ఉన్నాయి. మురుగు పైపుకు దగ్గరగా వెళ్లేకొద్దీ మూత నమ్మకంగా పనిచేస్తుంది, పని కష్టం కూడా పెరుగుతుంది.

మార్గాలు ఒక్కొక్కటిగా

*ట్రాప్‌ను నిండుగా ఉంచడం.* దేనినీ విప్పకుండా, నెలకు ఒకటి రెండుసార్లు నీరు పోస్తూ ఉండటం అన్నిటికంటే సులువైన మార్గం. దీర్ఘకాలం ఇంట్లో ఉండనివారు నీరు పోసిన తరువాత పైన కొద్దిగా మినరల్ ఆయిల్ పోస్తే అది నీటిమీద పొరగా తేలి ఆవిరి కావడాన్ని బాగా తగ్గిస్తుంది. వంటనూనె మాత్రం వాడకూడదు, అది చెడి జిగురుకడుతుంది, పురుగులను కూడా ఆకర్షిస్తుంది. ఈ పద్ధతి మీ జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉంటుంది, వెనక్కి వచ్చే నీటిని ఏమాత్రం ఆపదు. తాత్కాలికంగా వాడకం ఆపిన సింకుకు ఇది చాలు, వాడకం పూర్తిగా మానేసిన సింకుకు చాలదు.

*సింకు రంధ్రానికి బిరడా.* చవకైనది, కనబడేది, అందుకే అందరూ మొదట దీనినే ప్రయత్నిస్తారు. చాలా బేసిన్లకు పై అంచు దగ్గర నీరు పొర్లిపోకుండా ఒక ఓవర్‌ఫ్లో రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం నుంచి దిగే దారి బిరడాకు దిగువనే డ్రెయిన్‌లో కలుస్తుంది గనుక, కింద ఎంత గట్టిగా మూసినా మురుగు గాలి ఆ పై రంధ్రం గుండా గదిలోకి వస్తుంది. ఓవర్‌ఫ్లో లేని సింకులో బిరడా వాసనను కొంతవరకు ఆపుతుంది, కాని వెనక్కి వచ్చే నీటి ముందు నిలవదు. పైగా సింకును మూసి పైన కుళాయిని అలాగే వదిలేస్తే, ఎవరైనా పొరపాటున తిప్పినా, కుళాయి కారినా ఆ నీరు పోవడానికి దారి ఉండదు.

*విస్తరించే రబ్బరు ప్లగ్.* రెండు పళ్లేల మధ్య రబ్బరు ఉంగరం, నడుమ బోల్టు, పైన రెక్కల నట్టు ఉండే ప్లగ్ ఇది. పైపులోకి దూర్చి నట్టును తిప్పితే పళ్లేలు దగ్గరకు జరిగి, రబ్బరు పక్కలకు ఉబ్బి పైపు గోడను పట్టుకుంటుంది. పైపు ఏ పదార్థంతో చేసినదైనా పనిచేయడం, పైపును కోయాల్సిన అవసరం లేకపోవడం దీని గొప్ప సౌలభ్యం. గోడలోకి లోతుగా ఉన్న పైపుకు, అంచు విరిగిపోయిన పాత ఇనుప పైపుకు దీనిని మించినది లేదు. లోపలి గోడ మీద జిడ్డు, తుప్పు ఉంటే రబ్బరు సరిగా పట్టదు గనుక ముందు బాగా తోమాలి. రబ్బరు కాలక్రమంలో గట్టిపడి వదులవుతుంది, కాబట్టి ఏడాదికోసారి నట్టును పరీక్షించాలి. మామూలు ఇనుప బోల్టు తుప్పుపట్టి తిరగకుండా పోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుది లేదా నైలాన్‌ది తీసుకోవడం మేలు. దీనిని గోడ వెనుక కనబడకుండా దాచేయడం మాత్రం తప్పు.

*రబ్బరు టోపీ, హోస్ క్లాంప్.* గోడనుంచి పైపు కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు బయటికి ఉంటే, దాని మీద మెత్తటి రబ్బరు టోపీ తొడిగి, చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంప్ (స్క్రూతో బిగిసే లోహపు పట్టీ) వేసి స్క్రూడ్రైవర్‌తో బిగించవచ్చు. ఇది బయటినుంచి పట్టుకుంటుంది గనుక పైపు లోపల కొంచెం గరుకుగా ఉన్నా ఫరవాలేదు, పైపు పదార్థమూ అడ్డు రాదు. వెనక్కి తన్నే ఒత్తిడిని కూడా బాగానే ఓర్చుకుంటుంది. టోపీ పూర్తిగా లోపలి వరకు దిగాక, క్లాంప్ దాని అంచుకు కొద్దిగా ఇవతల కూర్చోవాలి. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది. పని తెలియనివారు సొంతంగా చేసుకోదగిన మార్గాల్లో నేను మొదట సూచించేది ఇదే.

*థ్రెడ్ ఉన్న ప్లగ్.* పైపు చివర లోపలివైపు థ్రెడ్ (మర) ఉన్న అడాప్టర్‌ను అతికించి, దానిలో ప్లగ్‌ను తిప్పి బిగించే పద్ధతి ఇది. అడాప్టర్ శాశ్వతంగా ఉంటుంది, ప్లగ్ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పవచ్చు. టెఫ్లాన్ టేప్ మూడు నాలుగు చుట్లు, ప్లగ్ చివర మీవైపు ఉండేలా పట్టుకుని గడియారపు ముల్లు తిరిగే దిశలో చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు టేప్ విడిపోతుంది. పైపులో అడ్డు పడినప్పుడు శుభ్రం చేసే తీగను దించడానికి ఈ మూతి ఎంతో ఉపయోగపడుతుంది. ఇల్లు సొంతమై, పైపు పీవీసీదై, గోడనుంచి కొంత బయటికి ఉన్నవారికి అన్నిటికంటే మంచి ఎంపిక ఇదేనని నా నమ్మకం. అతికించే పని ఒకటి ఉండటం, ప్లగ్ తల కొంచెం బయటికి కనబడటం తప్ప దీనిలో చెప్పుకోదగ్గ లోపాలు లేవు.

*అతికించే ఎండ్ క్యాప్.* పీవీసీ పైపు మీద పీవీసీ మూతను సాల్వెంట్ సిమెంట్‌తో అతికిస్తే రెండూ ఒకే ముక్కలా కలిసిపోతాయి. గాలి, నీరు, ఒత్తిడి దేనికీ లొంగదు, తరువాత పట్టించుకోవాల్సిన పని లేదు. పైపును వాలు లేకుండా అడ్డంగా కోసి, అంచు గరుకును గీకేసి, ముందు పొడిగా తొడిగి చూసి, తరువాత రెండు ఉపరితలాలకూ సిమెంట్ పూసి, పావు చుట్టు తిప్పుతూ నొక్కి అర నిమిషం పాటు పట్టుకోవాలి. వదిలేస్తే మూత తనంతట తానే కొంచెం వెనక్కి జరుగుతుంది. సిమెంట్ ఆవిర్లు మండుతాయి గనుక గ్యాస్ గీజర్‌లో ఎప్పుడూ వెలిగే పైలట్ మంట వంటివి ఆర్పి, కిటికీ తెరిచి పనిచేయాలి. మళ్లీ తెరవాలంటే పైపును కోయడం ఒక్కటే దారి. గోడబయట ఉన్న ముక్క పొట్టిదైతే ఆ కోతకు కూడా చోటుండదు. ఈ ఒక్క కారణం చేతనే తొందరపడి దీనిని ఎంచుకోవద్దంటాను.

*కలిసే చోటే తొలగించడం.* గోడలోని కొమ్మ పైపును పూర్తిగా తీసేసి, ప్రధాన పైపులో అది కలిసే చోట మూయడం సాంకేతికంగా అన్నిటికంటే శుభ్రమైన పని. వాడని కొమ్మ పొడవుగా మిగిలితే, పక్క పైపుల నీరు అందులోకి ఎక్కి, మురికి పేరుకుని కుళ్లుతుంది. అందుకే చాలాచోట్ల ప్లంబింగ్ నియమాలు అలాంటి మొండి పైపులను వదలవద్దంటాయి. కాని దీనికి గోడో నేలో తవ్వాలి. గదిని ఎలాగూ తిరిగి కట్టిస్తున్నవారికి తప్ప మిగతావారికి ఇంత అవసరం ఉండదు.

సిమెంటు, ఎపాక్సీ ముద్ద, సిలికాన్, గుడ్డ పీలికల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సిమెంటు ఆరి కుదించుకుపోయి అంచుల్లో పగుళ్లిస్తుంది, విరిగిన ముక్క లోపలికి జారితే ప్రధాన పైపే మూసుకుపోతుంది. సిలికాన్ తడి, జిడ్డు ఉన్న పైపుకు అంటదు. గుడ్డ తడిసి కుళ్లుతుంది.

ఒకే చూపులో

| మార్గం | వాసనను ఆపడం | వెనక్కి వచ్చే నీటిని ఆపడం | మళ్లీ తెరవడం | ఏ పైపుకు |
|---|---|---|---|---|
| ట్రాప్ నింపడం | నీరున్నంతవరకు | ఆపదు | అవసరమే లేదు | అన్నిటికీ |
| సింకు బిరడా | అరకొరగా | ఆపదు | సులువు | అన్నిటికీ |
| విస్తరించే ప్లగ్ | బాగా | బిగింపును బట్టి | సులువు | అన్నిటికీ, లోపలి గోడ నున్నగా ఉండాలి |
| రబ్బరు టోపీ | బాగా | బాగా | సులువు | అన్నిటికీ, పైపు బయటికి ఉండాలి |
| థ్రెడ్ ప్లగ్ | పూర్తిగా | పూర్తిగా | సులువు | పీవీసీ |
| ఎండ్ క్యాప్ | పూర్తిగా | పూర్తిగా | కోయాలి | పీవీసీ |
| మూలం వద్ద తొలగింపు | పూర్తిగా | పూర్తిగా | మళ్లీ కట్టాలి | అన్నిటికీ, ప్లంబర్ చేత |

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉన్నవారు పైపును కోయకూడదు, అతికించకూడదు. సింకు అలాగే ఉండాలంటే నీరు, మినరల్ ఆయిల్ పద్ధతి చాలు. సింకును యజమాని తీసేయనిస్తే గోడ దగ్గర రబ్బరు టోపీ పెట్టి, విప్పిన ట్రాప్‌ను, నట్లను ఒక సంచిలో వేసి అక్కడే దాచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించాలి.

సొంత ఇంట్లో సింకు తీసేసి ఆ చోట అల్మరా పెట్టాలనుకునేవారు ఎక్కువగా తడబడుతుంటారు. మూత అల్మరా వెనుక దాగిపోతుంది గనుక ఎండ్ క్యాప్ అతికించేద్దామని తోస్తుంది. అల్మరా వెనుక పలకలో అరచేయి పట్టేంత తలుపు కోసి, థ్రెడ్ ప్లగ్ పెట్టమని నా సలహా. ఖర్చులో తేడా స్వల్పం, తరువాతి సౌకర్యం చాలా ఎక్కువ. మూత మీద టైల్స్ అతికించి పూర్తిగా కప్పేయాలని నిశ్చయించుకున్నవారు మాత్రం రబ్బరు ఉన్న ఏ మూతనూ వాడకూడదు. అక్కడ ఎండ్ క్యాపే తగినది, దాని స్థానాన్ని గోడ మూలనుంచి, నేలనుంచి కొలిచి ఫొటోతో సహా భద్రపరచాలి.

కింది అంతస్తులో ఉన్నవారు మరో విషయం కూడా ఆలోచించాలి. ఈ మూతిని గట్టిగా మూస్తే, వెనక్కి ఎక్కే నీరు దానికంటే కాస్త ఎత్తున ఉన్న మరో మూతినుంచి బయటికి వస్తుంది. యుటిలిటీ గదిలో పొంగడం కంటే స్నానాల గదిలో పొంగడం మేలా కాదా అన్నది ఇంటి అమరికను బట్టి తేల్చుకోవాలి. ఇదివరకే నీరు ఎదురెక్కిన అనుభవం ఉంటే, మూత మార్చడం కంటే ప్రధాన పైపు మీద వెనక్కి రానివ్వని వాల్వ్ బిగించడం అసలు పరిష్కారం. నేల మీదున్న జాలీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూయవద్దు. వాషింగ్ మెషిన్ గొట్టం ఊడిన రోజున నీరు పోవడానికి ఆ గదిలో అదొక్కటే దారి.

పాత ఇనుప పైపులున్న ఇళ్లలో విస్తరించే ప్లగ్ లేదా రబ్బరు టోపీ తప్ప మూడోదాని గురించి ఆలోచించకండి. తుప్పుపట్టిన పైపును తిప్పడానికి బలం ప్రయోగిస్తే గోడ లోపలి జాయింట్ కదిలిపోవచ్చు.

మూసిన తరువాత

డ్రెయిన్‌ను మూసినవారు కుళాయిని కూడా మూయాలి. గోడ దగ్గర కుళాయికి నీరిచ్చే యాంగిల్ వాల్వ్‌ను కట్టేయడంతో సరిపెట్టకుండా, కుళాయిని విప్పి వాల్వ్ మూతికి సరిపోయే థ్రెడ్ మూత బిగించాలి, వాల్వ్ కారితే ఆ నీరు పోవడానికి ఇప్పుడు డ్రెయిన్ లేదు.

మూత గట్టిదనాన్ని చూడటానికి దాని చుట్టూ పొడి టిష్యూ కాగితాన్ని చుట్టి, అదే పైపులో కలిసే ఇతర సింకులు, వాషింగ్ మెషిన్ అన్నిటినీ ఒకేసారి వదలండి. కాగితం మీద చిన్న తడి మరకైనా కనబడితే మళ్లీ బిగించాలి. ఆ తరువాత గదిని ఒక రాత్రి మూసి ఉంచి ఉదయం వాసన చూడాలి. మూసిన నాటినుంచి ఇతర సింకులు గుటగుటమని శబ్దం చేయడం మొదలుపెడితే తప్పు మూతది కాదు. ఇంతకాలం ఎండిన ఆ ట్రాప్ గుండా మురుగు పైపు గాలి పీల్చుకుంటూ వచ్చింది, ఇప్పుడు ఆ దారి మూసుకుపోవడంతో మురుగు పైపుకు గాలి అందించే మేడమీది వెంట్ పైపులో ఉన్న అడ్డంకి బయటపడింది. అలాంటప్పుడు మూతను వదులు చేయకుండా, ప్లంబర్‌ను పిలిపించి వెంట్ పైపును శుభ్రం చేయించాలి.